ఉబ్బు సిరలు: పుండు పడకముందే వైద్యం

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలకు బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన తెలుగువారిలో ఎందరికో నిలబడి చేసే పనే జీవనాధారం. సిప్‌కాట్ పారిశ్రామికవాడల్లో యంత్రాల ముందు, గులాబీలు పెంచే పాలీహౌస్‌లలో, మామిడి గుజ్జు తీసే కర్మాగారాల్లో, బట్టల దుకాణాల్లో, హోటళ్ల వంటశాలల్లో, భవన నిర్మాణ స్థలాల్లో వారు గంటల తరబడి కాళ్లమీదే ఉంటారు. సాయంత్రం ఇల్లు చేరి చెప్పులు విడిచేసరికి పాదాలు బరువెక్కి ఉంటాయి. చీలమండల చుట్టూ వాపు కనిపిస్తుంది. కొందరికి పిక్కల మీద నీలిరంగు సిరలు తాళ్లలా ఉబ్బి మెలికలు తిరిగి ఉంటాయి. రాత్రి నిద్రపోయి లేచేసరికి వాపు తీసిపోతుంది కనుక దానిని ఎవరూ జబ్బుగా లెక్కించరు. "నొప్పి లేదు కదా, మా అమ్మకూ ఇలాగే ఉండేవి" అని సరిపెట్టుకొంటారు.

ఈ సరిపెట్టుకోవడంలోనే ప్రమాదమున్నది. ఉబ్బు సిరల వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది. నొప్పి, పుండు, రక్తస్రావం మొదలైన తరువాత వైద్యం దొరకకపోదు గానీ, అప్పటికి చర్మానికి జరిగిన హాని పూర్తిగా తొలగదు. ఈ వ్యాధి ఎలా పుడుతుంది, ఏ మెట్టు తరువాత ఏ మెట్టుకు చేరుతుంది, ఎప్పుడు వైద్యుని చూడాలి అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

నరమా, సిరా?

వ్యవహారంలో తెలుగువారు ఈ వ్యాధిని "నరాలు ఉబ్బడం", "నరాలు మెలిపడడం" అంటారు. వైద్యులు వెరికోస్ వెయిన్స్ అంటారు. నిజానికి ఇక్కడ ఉబ్బేది నరం కాదు, సిర. నరం మెదడుకూ అవయవాలకూ మధ్య స్పర్శను, ఆజ్ఞలను చేరవేసే తంతువు. అందులో రక్తం ప్రవహించదు. గుండె నుంచి అవయవాలకు రక్తాన్ని తీసుకొనిపోయేవి ధమనులు. అవయవాల నుంచి గుండెకు తిరిగి చేర్చేవి సిరలు. వాడుక భాషలో మూడింటికీ "నరం" అనే ఒక్క మాటే చెలామణి అవుతున్నది.

ఈ పేరు తికమక వల్ల నష్టమూ ఉన్నది. నరాల బలహీనత అనుకొని కొందరు బలానికి మాత్రలు వాడుతూ కాలం గడుపుతారు. మరికొందరు నరం పట్టేసిందని మర్దన చేయించుకొంటారు. తమిళంలోనూ ఇదే పరిస్థితి. అక్కడి వాడుకలో ఈ వ్యాధి "నరంబు సురుట్టల్". అచ్చులో, ప్రభుత్వ పత్రాల్లో "సురుళ్ సిరై నోయ్" అని ఉండవచ్చు. ఆసుపత్రి బోర్డుల మీద ఈ రెండు పేర్లలో ఏది కనిపించినా అది ఈ వ్యాధి గురించేనని గుర్తించాలి. దీనికి చికిత్స చేసేది నరాల వైద్యుడు కాదు. జనరల్ సర్జన్ గానీ, రక్తనాళాల శస్త్రవైద్యుడైన వాస్కులర్ సర్జన్ గానీ చూస్తారు.

రక్తం పైకి ఎక్కే విధం

ఒక చిన్న ప్రయోగం ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు. చేతిని ఒక నిమిషం పాటు కిందికి వేలాడదీస్తే ముంజేతి వెనుక సిరలు ఉబ్బి కనిపిస్తాయి. అదే చేతిని తలకంటే ఎత్తుకు లేపితే కొద్ది క్షణాల్లోనే అవి అణగిపోతాయి. సిరలలోని రక్తం భూమ్యాకర్షణకు లోబడి ఉంటుందని దీనివల్ల తెలుస్తుంది. చేతికి పైకి లేచే అవకాశం పగలంతా ఉంటుంది. కాలికి అది పడుకొన్నప్పుడే దొరుకుతుంది.

గుండెకూ చీలమండకూ మధ్య దూరం సుమారు నాలుగడుగులు. మనిషి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు ఆ ఎత్తున నిలిచిన రక్తపు బరువంతా పాదం దగ్గరి సిరలపై పడుతుంది. అప్పుడు అక్కడి పీడనం 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం వరకు చేరుతుంది. నడక మొదలుపెట్టగానే పిక్క కండరాలు బిగిసి లోతు సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. కవాటాలు బాగున్న కాలిలో ఆ పీడనం 30 మిల్లీమీటర్లకు, అంతకంటే తక్కువకు దిగిపోతుంది. వైద్యులు పిక్క కండరాన్ని రెండవ గుండె అనడానికి కారణమిదే.

పైకి తోసిన రక్తం మళ్లీ కిందికి జారకుండా సిరల లోపల ఒకే దిశలో తెరుచుకొనే పలుచని కవాటాలుంటాయి. ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయంలో శరీరశాస్త్ర ఆచార్యుడైన ఫాబ్రీషియస్ 1603లో వీటిని వర్ణించి గ్రంథం ప్రచురించాడు. అయితే అవి ఎందుకున్నాయో ఆయనకు సరిగా అందలేదు. ఆయన శిష్యుడైన విలియం హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపించినప్పుడు, రక్తాన్ని గుండెవైపే పోనిచ్చే తలుపులుగా ఈ కవాటాలు పనిచేస్తాయని తేటతెల్లం చేశాడు.

ఉబ్బు సిరల వ్యాధిలో చెడేవి ఈ తలుపులే. ఒక కవాటం సరిగా మూసుకోకపోతే పైనున్న రక్తం కిందికి జారుతుంది. ఆ బరువుకు కింది సిర గోడ సాగుతుంది. గోడ సాగితే అక్కడి కవాటపు రెక్కలు ఒకదానికొకటి అందవు, అదీ చెడుతుంది. ఇలా లోపం ఒక కవాటం నుంచి మరొక కవాటానికి పాకుతుంది. చెడిన కవాటం తిరిగి బాగుపడదు. మాత్రలు, లేపనాలు బాధను కొంత తగ్గించగలవేమో గానీ కవాటాన్ని సరిచేయలేవు. ఈ పాఠంలో మొదట గుర్తుంచుకోవలసిన విషయమిది.

ఎవరికి ఎక్కువ

తల్లిదండ్రులకు ఉన్నట్లయితే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. వయసుతోపాటు ముప్పు హెచ్చుతుంది. గర్భధారణ సమయంలో శరీరంలో రక్తపరిమాణం పెరగడం, హార్మోన్ల ప్రభావంతో సిర గోడలు వదులు కావడం, పెరిగిన గర్భాశయం పొత్తికడుపులోని సిరలను నొక్కడం అనే మూడు కారణాలూ కలుస్తాయి. స్థూలకాయం, గతంలో కాలి లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉండడం కూడా కారణాలే. వీటికి తోడు ఎక్కువసేపు కదలకుండా నిలబడే పని ఉంటే వ్యాధి త్వరగా ముదురుతుంది. గంటల తరబడి కాళ్లు వేలాడదీసి కూర్చొనే డ్రైవర్లు, కుట్టు యంత్రాల కార్మికులు కూడా జాగ్రత్తపడాలి. రక్తాన్ని నిలవబెట్టేది కదలిక లేకపోవడమే. రోజంతా తిరుగుతూ పనిచేసేవారి కంటే ఒకేచోట నిలిచి పనిచేసేవారికి కష్టం ఎక్కువ.

గర్భిణులు భయపడనవసరం లేదు. ఆ సమయంలో ఉబ్బిన సిరలు ప్రసవం తరువాత కొద్ది నెలల్లో చాలామందికి తగ్గుతాయి. అందువల్ల లేజరు వంటి చికిత్సలను సాధారణంగా ప్రసవానంతరానికి వాయిదా వేస్తారు. కానీ ఒక కాలు మాత్రమే హఠాత్తుగా వాచినా, నొప్పి పుట్టినా అది గర్భిణికి సహజమని వదిలేయకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

వ్యాధి మెట్లు

కాలి సిరల వ్యాధిని అంచనా వేయడానికి 1994లో అంతర్జాతీయ వైద్యబృందం ఒక వర్గీకరణను రూపొందించింది. అందులో కంటికి కనిపించే లక్షణాలను 0 నుంచి 6 వరకు ఏడు తరగతులుగా విభజించారు. వైద్యులు చీటీ మీద "సి" అనే ఇంగ్లీషు అక్షరం పక్కన వేసే అంకె ఇదే. దాని భావం తెలిస్తే రోగికి తన స్థితి తనకే అర్థమవుతుంది.

0వ తరగతిలో కంటికి ఏమీ కనిపించదు. బరువు, లాగుడు మాత్రం ఉండవచ్చు. 1వ తరగతిలో సాలెగూడు వంటి సన్నని ఎర్రని, నీలి గీతలు కనిపిస్తాయి. 2వ తరగతిలో సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి. 3వ తరగతిలో వాపు చేరుతుంది. 4వ తరగతిలో చర్మం మారుతుంది: చీలమండ లోపలివైపు గోధుమరంగు మచ్చలు, దురద, తామర, చర్మం గట్టిపడడం. 5వ తరగతి అంటే ఒకసారి పుండు పడి మానిన కాలు. 6వ తరగతి అంటే మానని పుండు ఉన్న కాలు.

ఈ మెట్లలో 3కూ 4కూ మధ్య ఉన్న గీత ముఖ్యమైనది. వాపు వరకు ఉన్న కాలికి చికిత్స చేస్తే అది చాలావరకు పూర్వస్థితికి రాగలదు. చర్మం రంగు మారిందంటే సిరల్లోని అధిక పీడనం వల్ల రక్తకణాలు బయటికి ఊరి, వాటిలోని ఇనుము చర్మంలో పేరుకొన్నదని అర్థం. ఆ చర్మం క్రమంగా బలహీనపడుతుంది. దోమకాటు గోకినా, చెప్పు ఒరుసుకొన్నా, కుర్చీ అంచు తగిలినా పుండు పడుతుంది. అప్పుడు చికిత్స చేసినా ఆ మచ్చ, ఆ గట్టిదనం పూర్తిగా పోకపోవచ్చు.

ఉబ్బు సిరలున్న ప్రతివారికీ పుండు పడుతుందని భావించరాదు. ఎందరో 2వ తరగతిలోనే ఏళ్ల తరబడి ఉండిపోతారు. ఎవరు ఆగుతారో, ఎవరు ముందుకు పోతారో పైచూపుతో చెప్పడం కష్టం. అందుకే పరీక్ష అవసరమవుతుంది.

మూడు ముప్పులు

మొదటిది రక్తం గడ్డకట్టడం. ఉబ్బిన సిరలో రక్తం మందగించి అక్కడే గడ్డకడితే ఆ సిర ఎర్రగా, వేడిగా, తాడులా గట్టిగా తగులుతుంది. ముట్టుకొంటే నొప్పి పుడుతుంది. చర్మం కిందనున్న సిరలోని గడ్డ గజ్జలవైపు పాకి లోతు సిరలోకి చేరితే అది తీవ్రమైన పరిస్థితి. లోతు సిరలోని గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం కలుగుతుంది. తైవాన్‌లో ఉబ్బు సిరలున్న 2 లక్షలకు పైగా వ్యక్తులను, అవి లేని అంతమందితో పోల్చి జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. ఉబ్బు సిరలున్నవారిలో లోతు సిరల్లో రక్తం గడ్డకట్టిన సందర్భాలు సుమారు 5 రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఒకటి మరొకదానికి కారణమని ఆ అధ్యయనం నిరూపించలేదు. అయినా అంత పెద్ద వ్యత్యాసం ఉపేక్షించదగినది కాదు.

రెండవది రక్తస్రావం. చీలమండ దగ్గర సిర మీది చర్మం పలుచబడినప్పుడు చిన్న దెబ్బకే, ఒక్కొక్కసారి వేడినీళ్ల స్నానంలోనే అది చిట్లుతుంది. అధిక పీడనం వల్ల రక్తం ధారగా చిమ్ముతుంది. నొప్పి ఉండదు కనుక వృద్ధులు గమనించడం ఆలస్యమవుతుంది. నిలబడి గానీ, కూర్చొని గానీ ఉంటే రక్తం ఆగదు. ఇలాంటి స్థితిలో ప్రాణాలు పోయిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. ఇంట్లో ప్రతివారికీ తెలిసి ఉండవలసిన ప్రథమ చికిత్స ఇది: మనిషిని వెంటనే వెల్లకిల పడుకోబెట్టాలి, కాలిని గుండెకంటే ఎత్తుగా లేపాలి, శుభ్రమైన గుడ్డ మడత పెట్టి రక్తం వచ్చే చోట గట్టిగా నొక్కి కనీసం 10 నిమిషాలు తీయకుండా ఉంచాలి. దానికి పైభాగంలో తాడుతో బిగించి కట్టరాదు. 108కి ఫోన్ చేయాలి. రక్తం ఆగినా ఆసుపత్రికి వెళ్లక తప్పదు, ఎందుకంటే అదే చోట మళ్లీ చిట్లే అవకాశమున్నది.

మూడవది పుండు. కాళ్లమీద దీర్ఘకాలం మానని పుండ్లలో అధికభాగం సిరల వ్యాధి వల్ల వచ్చేవే. ఇవి సాధారణంగా చీలమండకు పైన, లోపలివైపు పడతాయి. నెలల తరబడి రసి కారుతూ, కట్టు మార్చుకొంటూ, పనికి పోలేక, వాసనకు సిగ్గుపడి నలుగురిలోకి రాలేక రోగి కుంగిపోతాడు. దినకూలీ మీద బతికే కుటుంబానికి ఇది తీరని భారం. పైకి పూసే మందుతో పుండు మానినట్లు కనిపించినా, లోపలి సిర పీడనం తగ్గనంతకాలం అది మళ్లీ పడుతూనే ఉంటుంది. మధుమేహమున్నవారు మరింత జాగ్రత్త వహించాలి. అరికాలిలో పుండు పడితే అది తరచుగా మధుమేహానికి సంబంధించినది. రెండింటికీ వైద్యం వేరు కనుక సొంత నిర్ణయం పనికిరాదు.

ముందుగా చికిత్స ఎందుకు

పూర్వం పుండు పడితే ముందు దానిని కట్లతో మాన్పి, ఆ తరువాతే సిరకు చికిత్స చేసేవారు. ఈ క్రమం సరైనదేనా అని బ్రిటన్‌లో 450 మంది రోగులపై పరిశోధన జరిపి 2018లో ఫలితాలను ప్రకటించారు. అందరికీ పీడన కట్లు కట్టారు. సగం మందికి రెండు వారాల లోపే చెడిన సిరను మూసివేసే చికిత్స చేశారు. తక్కినవారికి పుండు మానిన తరువాత గానీ, మానకపోతే ఆరు నెలల తరువాత గానీ చేద్దామని ఆగారు. పుండు మానడానికి పట్టిన మధ్యస్థ కాలం మొదటి వర్గంలో 56 రోజులు, రెండవ వర్గంలో 82 రోజులు. ముందుగా చికిత్స పొందినవారికి పుండు లేకుండా గడిచిన కాలమూ ఎక్కువే.

ఈ 26 రోజుల తేడాను కూలిపనివారి లెక్కలో చూస్తే దాదాపు ఒక నెల వేతనం. పుండు పడిన తరువాత కూడా తొందరపడితే ఇంత మేలు కలిగినప్పుడు, పుండే పడకముందు వైద్యుని చూడడం ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

పరీక్ష, చికిత్స

మొదట వైద్యుడు రోగిని నిలబెట్టి కాలిని పరిశీలిస్తాడు. తరువాత కలర్ డాప్లర్ అనే స్కాన్ చేయిస్తారు. గర్భిణులకు చేసే స్కాన్ వంటిదే ఇది. సూది గుచ్చడం, కోత ఏమీ ఉండవు. రక్తం ఏ సిరలో ఏ చోట వెనక్కి జారుతున్నదో, లోతు సిరలు తెరిచి ఉన్నాయో లేదో ఇది చూపిస్తుంది. ఈ స్కాన్ లేకుండా ఉబ్బు సిరలకు ఆపరేషన్‌కు ఒప్పుకోవడం మంచిది కాదు.

జర్మన్ శస్త్రవైద్యుడు ట్రెండెలెన్‌బర్గ్ 19వ శతాబ్దం చివరిలో చెడిన సిరను ముడివేసే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. చాలాకాలం ఆ సిరను ముడివేసి పెరికి తీయడమే ప్రధాన చికిత్సగా ఉండేది. ఇప్పుడు చాలామందికి అంత కోత అవసరం లేదు. మత్తు సూదులు కాలికే ఇచ్చి, సన్నని గొట్టాన్ని సిరలోనికి పంపి, లేజరు లేదా రేడియో తరంగాల వేడితో దానిని లోపలినుంచి మూసివేస్తారు. మూసుకొన్న సిర క్రమంగా శరీరంలో కలిసిపోతుంది. నురుగు రూపంలోని మందును సూదితో సిరలోకి ఎక్కించి మూసివేసే పద్ధతి మరొకటి. వీటిని చేయించుకొన్నవారు సాధారణంగా అదే రోజు నడిచి ఇంటికి వెళ్లగలరు. బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శక సంస్థ 2013లో మొదట వేడితో మూసివేయడాన్ని, అది కుదరకపోతే నురుగు మందును, అదీ కుదరకపోతే శస్త్రచికిత్సను సూచించింది.

చెడిన సిరను మూసివేస్తే రక్తం ఎలా పోతుందనే సందేహం సహజం. కాలి రక్తంలో సుమారు 90 శాతం కండరాల మధ్యనున్న లోతు సిరల గుండానే పైకి పోతుంది. చెడిన పై సిర రక్తాన్ని పైకి పంపడం మాని కిందికి జారవిడుస్తున్నది కనుక, దానిని మూసివేస్తే కాలికి మేలే గానీ కీడు లేదు. చికిత్స చేయించుకొన్నా మళ్లీ వస్తుందనే మాటలో కొంత నిజమున్నది. కొందరికి ఏళ్ల తరువాత మరో సిర ఉబ్బవచ్చు. పన్నుకు చికిత్స చేయిస్తే మరో పన్ను పుచ్చదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అలాగని పుచ్చిన పన్నును ఎవరూ వదిలివేయరు.

మేజోళ్లు, వ్యాయామం

పీడన మేజోళ్లు చీలమండ వద్ద బిగుతుగా, పైకి పోయేకొద్దీ వదులుగా ఉంటాయి. ఇవి వాపును, బరువును తగ్గిస్తాయి, వేసుకొన్నంతసేపే పనిచేస్తాయి, కవాటాలను బాగుచేయవు. ఉదయం మంచం దిగకముందే, కాలు వాచకముందే తొడుక్కోవాలి. కొలత తీసుకోకుండా మందుల షాపులో దొరికినవి కొనడం సరికాదు. ధమనులు పూడుకొని కాలికి రక్తం సరిగా అందనివారికి ఇవి హాని చేస్తాయి. మధుమేహమున్నవారు, పొగతాగేవారు, నడిస్తే పిక్కలు పట్టేసి ఆగవలసి వచ్చేవారు వైద్యుని సలహా లేకుండా వీటిని వేసుకోరాదు.

పనిలో నిలబడి ఉన్నప్పుడు అరగంటకొకసారి మడమలను పైకెత్తి దించడం, పది ఇరవై సార్లు చేయడం మంచిది. ఒక కాలిని చిన్న పీట మీద ఉంచి కాళ్లు మార్చుకొంటూ నిలబడవచ్చు. ఇంటికి వచ్చిన తరువాత పడుకొని కాళ్ల కింద దిండ్లు పెట్టి, గుండెకంటే ఎత్తుగా 15 నిమిషాలు ఉంచాలి. రోజూ నడవాలి. బరువు పెరగకుండా చూసుకోవాలి.

ఉబ్బిన సిరను గట్టిగా మర్దన చేయరాదు. లోపల గడ్డ ఉన్నట్లయితే అది కదిలే ప్రమాదముంది. వేడినూనె, ఆకుపసరు, వాతలు చర్మాన్ని కాల్చి పుండుకు దారితీస్తాయి. జలగలు పట్టించినంతమాత్రాన కవాటం బాగుపడదు.

పనిచోట కూర్చొనే హక్కు

నిలబడి పనిచేసేవారికి కూర్చొనే అవకాశం కల్పించాలన్న నియమం కొత్తది కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షను, నిలబడి పనిచేయక తప్పని కార్మికులకు విరామం దొరికినప్పుడు కూర్చొనే ఏర్పాటు ఉండాలని చెప్పింది. దుకాణాల విషయంలో కేరళలో కోళికోడ్ బట్టల దుకాణాల మహిళా ఉద్యోగులు పోరాడిన ఫలితంగా 2018లో ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించింది. తమిళనాడు కూడా 2021లో తన దుకాణాలు, సంస్థల చట్టానికి 22-ఎ అనే సెక్షను చేర్చి, ప్రతి దుకాణంలోనూ ఉద్యోగులందరికీ కూర్చొనే ఏర్పాటు ఉండాలని నిర్దేశించింది. హోసూరు, కృష్ణగిరి దుకాణాలకూ ఇది వర్తిస్తుంది. ఏ రాష్ట్రం నుంచి వచ్చినవారైనా ఇక్కడి దుకాణంలో పనిచేస్తున్నంతకాలం ఈ రక్షణ వారిది కూడా. బేరం లేని సమయంలో స్టూలు మీద కూర్చొనడం సోమరితనం కాదని యజమానులూ, ఉద్యోగులూ గ్రహించాలి.

ఎక్కడికి వెళ్లాలి

మొదట దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గానీ, హోసూరు ప్రభుత్వ ఆసుపత్రికి గానీ వెళ్లవచ్చు. కృష్ణగిరిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైంది. దాని ఆసుపత్రి జిల్లాలోని రోగులకు అందుబాటులో ఉన్నది. ఆసుపత్రిలో అడగవలసిన విభాగం జనరల్ సర్జరీ. తమిళంలో "పొదు అరువై సిగిచ్చై". భాష రానివారు ఈ మాటలు గుర్తుంచుకొంటే చాలు: కాలినొప్పికి "కాల్ వలి", వాపుకు "వీక్కం", దురదకు "అరిప్పు", పుండుకు "పుణ్", రక్తానికి "రత్తం". ఆరోగ్య సలహాకు 104, అత్యవసరమైతే 108.

నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందే కర్మాగార కార్మికులు సాధారణంగా ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత కనిపిస్తే కార్మికునికీ, అతనిపై ఆధారపడిన కుటుంబానికీ ఈఎస్‌ఐ డిస్పెన్సరీ ద్వారా వైద్యం అందుతుంది. చికిత్స కోసం సెలవు పెడితే జీతం పోతుందనే భయమే ఎందరినో ఆపుతున్నది. నిర్ణీత రోజుల చందా చెల్లించిన కార్మికునికి, ఈఎస్‌ఐ వైద్యుడు ధ్రువీకరించిన అనారోగ్య సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం నగదుగా లభిస్తుంది. ఒప్పంద కార్మికులు తమ ఈఎస్‌ఐ సంఖ్యను కాంట్రాక్టరు దగ్గర అడిగి తీసుకొని దగ్గర ఉంచుకోవాలి.

ఈఎస్‌ఐ లేనివారు తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం గురించి, సొంత రాష్ట్రంలో ఆయుష్మాన్ భారత్ కార్డు పొందినవారు ఆ కార్డు ఇక్కడ చెల్లుబాటు గురించి ఆసుపత్రిలోని బీమా కౌంటరులో విచారించాలి. తమ చికిత్స పథకంలో ఉన్నదా, ఏ పత్రాలు కావాలి అనే విషయాలు ముందే తెలుసుకొంటే తరువాత ఇబ్బంది ఉండదు.

గుర్తుంచుకోవలసినవి

ఒకటి, సాయంత్రం వాచి ఉదయానికి తగ్గే కాలు, ఉబ్బిన సిరలు కనిపిస్తే నొప్పి లేకపోయినా ఒకసారి వైద్యునికి చూపాలి.

రెండు, చీలమండ దగ్గర చర్మం గోధుమరంగుకు మారినా, దురద పుట్టినా, గట్టిపడినా ఇక వాయిదా వేయరాదు.

మూడు, సిర తాడులా గట్టిపడి నొప్పి పుట్టినా, ఒక కాలు హఠాత్తుగా వాచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. దానికి తోడు ఆయాసం గానీ, ఛాతీనొప్పి గానీ వస్తే వెంటనే 108ని పిలవాలి.

నాలుగు, సిర చిట్లి రక్తం వస్తే పడుకోబెట్టాలి, కాలు ఎత్తాలి, గట్టిగా నొక్కాలి.

ఐదు, రెండు వారాల్లో మానని కాలి పుండును మామూలు పుండుగా భావించరాదు.

పండుగకు ఊరికి పోయినప్పుడు చూపించుకొందామని, పిల్లల చదువులు గట్టెక్కిన తరువాత చూద్దామని వాయిదా వేసేవారు ఎందరో. కుటుంబాన్ని నిలబెడుతున్నది ఆ కాళ్లే. ఈ వారం సెలవు రోజున సాయంత్రం వెలుతురులో ఇంట్లోని పెద్దలు నిలబడి తమ కాళ్లను, ముఖ్యంగా చీలమండల లోపలివైపు చర్మాన్ని, ఒకసారి పరిశీలించుకోవాలి. మార్పు కనిపిస్తే మరుసటి వారమే వైద్యుని వద్దకు వెళ్లాలి.